గుండె జబ్బు చావుల్లో తేడాలు: ప్రాంతం, ఆదాయం, కులం – పామర్రు వైపు నుంచి ఒక పరిశీలన

గుండెపోటు డబ్బున్నవాళ్ళ జబ్బు అనే మాట కృష్ణా డెల్టాలో ఇప్పటికీ వినిపిస్తుంది. నెయ్యి, మాంసం, కుర్చీలో కూర్చుని చేసే పని, కారు ప్రయాణం ఉన్నవాళ్ళకే అది వస్తుందని, ఎండలో ఊడ్పులకూ కోతలకూ పోయే మనిషి గుండె గట్టిగా ఉంటుందని అనుకుంటారు. కొన్ని దశాబ్దాల కింద ఈ మాటలో కొంత నిజం ఉండేది. ఇప్పుడు గత ఇరవై ఏళ్ళలో వచ్చిన పెద్ద అధ్యయనాలన్నీ కలిపి చదివితే వేరే సంగతి తేలుతుంది. జబ్బుకు దారితీసే కొన్ని లక్షణాలు ఇవాళ్టికీ సంపన్నుల్లోనే ఎక్కువగా కనిపిస్తున్నాయి. జబ్బు వచ్చాక బతికే అవకాశం మాత్రం పేదలకు తక్కువ. ఈ రెంటి మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసానికి విషయం.

పామర్రును ఎంచుకోవడానికి కారణాలున్నాయి. విజయవాడ–మచిలీపట్నం జాతీయ రహదారి మీద, గుడివాడ దారి కలిసే చోట ఉన్న మండల కేంద్రం ఇది. 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు శాసనసభ నియోజకవర్గం. పామర్రుతో పాటు మొవ్వ, పమిడిముక్కల, తోట్లవల్లూరు, పెదపారుపూడి మండలాలు ఇందులో ఉన్నాయి. 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజి ఇచ్చిన నీళ్ళతో వరి, మినుము, చెరకు పండే నేల ఇది. 2011 జనాభా లెక్కల నాటి ఉమ్మడి కృష్ణా జిల్లాలో దాదాపు ఐదో వంతు మంది షెడ్యూల్డు కులాలవారు. నీళ్ళున్నాయి, రోడ్లున్నాయి, పెద్ద నగరం సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. వెనుకబడిన ప్రాంతం అని ఎవరూ అనరు. ఇలాంటి చోట కూడా ఊరికీ పల్లెకీ మధ్య చావులో తేడా ఉంటే దానికి దూరాన్నో కరువునో కారణంగా చూపించలేం.

మాటల అర్థాలు

కార్యకర్తలు, విద్యార్థులు అంకెల జోలికి వెళ్ళేముందు నాలుగు మాటలు స్పష్టం చేసుకోవాలి.

గుండె కండరానికి రక్తం అందించే నాళాలు పూడుకుపోవడం వల్ల వచ్చేది ఇస్కీమిక్ గుండె జబ్బు. గుండెపోటు దాని తీవ్ర రూపం. మెదడుకు వెళ్ళే రక్తనాళం పూడుకున్నా, చిట్లినా వచ్చేది పక్షవాతం. చిన్నతనంలో గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే కీళ్ళ జ్వరం గుండె కవాటాలను పాడుచేస్తే అది రుమాటిక్ గుండె జబ్బు. ఈ మూడింటినీ, మరికొన్నింటినీ కలిపి రక్తప్రసరణ వ్యవస్థ జబ్బులు అంటారు. పత్రికల్లో ‘గుండె జబ్బు మరణాలు’ అని వచ్చే అంకె ఒక్కోసారి మొదటిదానికి మాత్రమే చెందుతుంది, ఒక్కోసారి అన్నింటికీ కలిపి ఉంటుంది. ఏ అంకె దేనిదో చూసుకోకుండా పోల్చితే లెక్క తప్పుతుంది.

రెండో సంగతి వయసు. ముసలివాళ్ళు ఎక్కువగా ఉన్న ఊళ్ళో గుండె చావులు సహజంగానే ఎక్కువ. రెండు ఊళ్ళలో వెయ్యి మందికి ఎంతమంది చనిపోయారో నేరుగా పోల్చితే, యువకులు ఎక్కువున్న ఊరు ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే పరిశోధకులు రెండు ఊళ్ళలోనూ వయసుల వాటా ఒకటే అయినట్టు సరిచేసి లెక్కిస్తారు. లేదంటే 30 నుంచి 69 ఏళ్ళ మధ్య చావులను మాత్రమే తీసుకుంటారు. ఈ రెండో పద్ధతి మన చర్చకు బాగా పనికొస్తుంది. ఆ వయసులో పోయిన మనిషి వెనుక ఇంకా పెళ్ళి కాని పిల్లలు, తీరని అప్పు, ఆగిపోయిన చదువు ఉంటాయి.

మూడోది, ‘గుండె ఆగి చనిపోయాడు’ అనే మాట. చనిపోయిన ప్రతి మనిషికీ గుండె ఆగుతుంది. అది చావు జరిగిన తీరు మాత్రమే. దాన్నే కారణంగా రాస్తే పాము కాటూ, పురుగుమందూ, గుండెపోటూ అన్నీ ఒకే గడిలో పడతాయి.

నాలుగోది, ముప్పుకీ చావుకీ ఉన్న తేడా. బీపీ, షుగరు, పొగాకు, కొలెస్టరాల్, స్థూలకాయం జబ్బు వచ్చే ముప్పును పెంచుతాయి. ముప్పు ఎక్కువున్న ప్రతిచోటా చావులు ఎక్కువ ఉండాలని లేదు. మధ్యలో చికిత్స ఉంది.

దేశంలో ప్రాంతాల తేడా

రాష్ట్రాల స్థాయి వ్యాధి భారం మీద భారత వైద్య పరిశోధన మండలి, ఇతర సంస్థలు కలిసి చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో మొత్తం మరణాల్లో గుండె, రక్తనాళాల జబ్బుల వాటా 1990లో 15.2 శాతం. 2016 నాటికి అది 28.1 శాతం. ఈ జబ్బులతో బతుకుతున్నవాళ్ళ నిష్పత్తి కేరళ, పంజాబ్, తమిళనాడుల్లో అత్యధికం. ఆ తర్వాతి వరుసలో ఆంధ్రప్రదేశ్ ఉంది. ఈ జబ్బులతో చనిపోయినవాళ్ళలో సగానికి పైగా 70 ఏళ్ళు నిండనివాళ్ళే.

అదే ఏడాది దాదాపు 8 లక్షల మంది పెద్దవాళ్ళ కొలతలతో మరో అధ్యయనం వచ్చింది. రాబోయే పదేళ్ళలో గుండె జబ్బు వచ్చే సగటు ముప్పు జార్ఖండ్‌లో 13.2 శాతం, కేరళలో 19.5 శాతం అని అది లెక్కగట్టింది. పల్లెల కంటే పట్టణాల్లో, పేదల కంటే సంపన్నుల్లో ముప్పు ఎక్కువని కూడా చెప్పింది. ఇంతవరకే చదివి ఆగితే ‘డబ్బున్నవాళ్ళ జబ్బు’ అనే మాట నిజమేననిపిస్తుంది.

కాని చావుల లెక్క వేరే దారిలో పోతోంది. ఇంటింటికీ వెళ్ళి చనిపోయినవాళ్ళ లక్షణాలను కుటుంబాన్ని అడిగి, డాక్టర్లతో కారణం తేల్చిన ‘మిలియన్ డెత్ స్టడీ’ 2000 నుంచి 2015 వరకు ధోరణులను పరిశీలించింది. 30–69 ఏళ్ళ మధ్య ఇస్కీమిక్ గుండె జబ్బుతో చనిపోయే సంభావ్యత ఆ కాలంలో పురుషుల్లో 10.4 నుంచి 13.1 శాతానికి, స్త్రీలలో 4.8 నుంచి 6.6 శాతానికి పెరిగింది. ఒకప్పుడు పట్టణాల కంటే వెనక ఉన్న గ్రామాలు ఈ పెరుగుదలకు ముఖ్య స్థలాలయ్యాయి. తమకు గుండె జబ్బు ఉందని ముందే తెలిసి చనిపోయినవాళ్ళలో చాలామంది క్రమంగా మందులు వాడలేదని కూడా ఆ అధ్యయనం చూపింది.

ప్రపంచ స్థాయిలోనూ ఇదే కనిపించింది. 17 దేశాల్లో జరిగిన ‘ప్యూర్’ అధ్యయనం 2014లో తన ఫలితాలను ప్రకటించింది. ముప్పు లక్షణాలు ధనిక దేశాల్లో అత్యధికం, పేద దేశాల్లో అత్యల్పం. గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ఘటనలూ, వాటితో చనిపోవడమూ మాత్రం పేద దేశాల్లోనే అత్యధికం. ఆ పేద దేశాల వరుసలో మన దేశం కూడా ఉంది. ముప్పు తక్కువ, చావు ఎక్కువ. ఈ నాలుగు మాటలు గుర్తుంచుకుంటే మిగతా వ్యాసం సులువుగా అర్థమవుతుంది.

పక్క డెల్టా చెప్పిన సాక్ష్యం

కృష్ణా డెల్టాకు అతి దగ్గర పోలిక గోదావరి డెల్టా. నేల, నీళ్ళు, పంట, తిండి, భూమి ఎవరి చేతిలో ఉందనే సంగతి – అన్నీ దాదాపు ఒకటే. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1 లక్షా 80 వేల జనాభాలో, 2003–04లో ఏడాదిపాటు జరిగిన ప్రతి మరణాన్నీ ‘ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్’ నమోదు చేసింది. మొత్తం 1,354 చావులు. దాదాపు ప్రతి ఇంటికీ వెళ్ళి లక్షణాలు అడిగి కారణం తేల్చారు.

అందులో 32 శాతం రక్తప్రసరణ వ్యవస్థ జబ్బుల వల్ల సంభవించినవి. గుండె జబ్బు, పక్షవాతం వాటిలో ఇంచుమించు సమానంగా ఉన్నాయి. ఆ తర్వాత గాయాలు, ప్రమాదాలు, ఆత్మహత్యలు కలిపి 13 శాతం. అంటురోగాలు 12 శాతం. పల్లెటూళ్ళలో జనం మలేరియాతో, విరేచనాలతో పోతారని, గుండె జబ్బు నగరాల సమస్య అని అనుకుంటున్న రోజుల్లో వచ్చిన ఫలితమిది. అవే గ్రామాల మీద తర్వాత వచ్చిన పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. ఒకసారి గుండెపోటో పక్షవాతమో వచ్చి బతికినవాళ్ళు కూడా ఆస్పిరిన్, కొలెస్టరాల్ మాత్ర వంటి చవక మందులు వాడటం చాలా తక్కువ.

ఆదాయం ఎక్కడ పనిచేస్తుంది

పేదరికం గుండెను ఎలా చేరుతుందో చూడాలంటే ఒక గుండెపోటు గంటగంటకూ ఎలా నడుస్తుందో చూడాలి.

మొదటి గంటలు. ఛాతీలో బరువు, ఎడమ చేతిలో లాగుడు, చెమటలు. పల్లెలో దీనికి మొదట పెట్టే పేరు గ్యాసు. సోడా తాగడం, ఊళ్ళోని ఆర్ఎంపీ చేత ఇంజక్షన్ చేయించుకోవడం, పడుకోవడం. ఆరోజు కూలి పోతుందన్న బెంగ కూడా నొప్పిని చిన్నది చేసి చూపిస్తుంది. రెక్కాడితే గాని డొక్కాడని ఇంట్లో ఆసుపత్రి అనే నిర్ణయం ఒక మనిషి ఒక్క క్షణంలో తీసుకునేది కాదు. ఎవరు తోడు వస్తారు, చేతిలో ఎంత ఉంది, ఎవరిని అడగాలి అనే లెక్కలన్నీ అయ్యాక గాని బండి కదలదు.

ఈ ఆలస్యం మన ఊహ కాదు. దేశంలోని 89 ఆసుపత్రుల్లో 20,468 మంది గుండెపోటు రోగులను పరిశీలించిన ‘క్రియేట్’ రిజిస్ట్రీ 2008లో వెలువడింది. నొప్పి మొదలైన దగ్గర్నుంచి ఆసుపత్రికి చేరడానికి పట్టిన మధ్యస్థ సమయం 360 నిమిషాలు. అంటే ఆరు గంటలు. రక్తం గడ్డను కరిగించే మందు మొదటి గంటల్లో ఇస్తేనే ఎక్కువ మేలు చేస్తుంది. గంట గడిచేకొద్దీ గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది.

ఆ అధ్యయనంలో అసలైన సంగతి ఇంకోటుంది. 30 రోజుల్లోపు చనిపోయినవాళ్ళు పేద రోగుల్లో 8.2 శాతం, ధనిక రోగుల్లో 5.5 శాతం. పేదలకు గడ్డ కరిగించే మందు, యాంజియోప్లాస్టీ, కొలెస్టరాల్ మాత్రలు తక్కువగా అందాయి. అందిన చికిత్సలో తేడాను లెక్కలో సరిచేసి చూస్తే చావులో తేడా మాయమైంది. రోగుల ముప్పు లక్షణాలను సరిచేస్తే మాత్రం మాయం కాలేదు. పేదవాడి గుండె బలహీనమనో, అతని అలవాట్లు చెడ్డవనో చెప్పే వాదాలకు ఇది సూటి జవాబు. తేడా చికిత్స దగ్గరే వచ్చింది.

గడ్డ కరిగించే మందు గాని, ఆస్పిరిన్ గాని కొత్తవేం కాదు. 17,187 మంది మీద జరిగిన ‘ఐసిస్–2’ పరీక్ష 1988లోనే ఈ రెండూ కలిపి ఇస్తే గుండెపోటు చావులు దాదాపు 40 శాతం తగ్గుతాయని నిరూపించింది. అందులో ఒకటి రూపాయిల్లో దొరికే మాత్ర.

గుండెపోటుకు ముందు ముప్ఫై ఏళ్ళు

ఆసుపత్రి దగ్గర కథ ముగుస్తుంది. మొదలయ్యేది మాత్రం తల్లి కడుపులో.

బ్రిటన్‌లో డేవిడ్ బార్కర్, ఆయన సహచరుడు 1986లో ఒక సంగతి బయటపెట్టారు. 1920ల్లో పసిపిల్లల చావులు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లోనే యాభై ఏళ్ళ తర్వాత గుండె జబ్బు చావులు ఎక్కువగా ఉన్నాయి. కడుపులో, పసితనంలో తిండి చాలని పిల్లలు పెద్దయ్యాక గుండె జబ్బుకు తేలిగ్గా లోనవుతారన్న ఆలోచన అక్కడినుంచి బలపడింది. మైసూరులో ఒక మిషన్ ఆసుపత్రి పాత పుట్టుక రికార్డులతో చేసిన పరిశోధన కూడా అదే దారి చూపింది.

మన తెలుగు నేల మీదే దీనికి ముఖ్యమైన ఆధారం ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 1987–90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 గ్రామాల్లో ఒక ప్రయత్నం చేసింది. 15 గ్రామాల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అంగన్‌వాడీ ద్వారా అదనపు ఆహారం అందింది. మిగతా 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్ళ వయసుకు వచ్చాక పరీక్షిస్తే, ఆహారం అందిన గ్రామాల పిల్లలు కొంచెం పొడుగ్గా ఉన్నారు. వాళ్ళ రక్తనాళాల బిగుతు, ఇన్సులిన్ నిరోధకత తక్కువగా ఉన్నాయి. అంగన్‌వాడీలో గుడ్డు, పాలు సరిగా అందుతున్నాయా అనే ప్రశ్న ముప్ఫై ఏళ్ళ తర్వాతి గుండెకు కూడా సంబంధించిన ప్రశ్న అని దీని అర్థం. దళితవాడలో అంగన్‌వాడీ ఉందా, ఊళ్ళో ఉన్నదానికి మన పిల్లలు స్వేచ్ఛగా వెళ్ళి కూర్చోగలుగుతున్నారా అనేది కూడా గుండె ఆరోగ్యం చర్చలో భాగమే.

తర్వాత తిండి. డెల్టా కూలీ కంచంలో ఎక్కువ భాగం పాలిష్ పట్టిన బియ్యం. కూర లేని పూట పచ్చడి, ఉప్పుచేప. రోజుకు ఐదు గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో కొలిచిన సగటు రోజుకు 9 గ్రాముల పైనే ఉంది. ఉప్పు తగ్గించమని చెప్పడం తేలిక. కూరగాయలు కొనే డబ్బు లేని ఇంట్లో అన్నం మింగుడు పడేలా చేసేది ఆ ఉప్పే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15 ఏళ్ళు దాటిన స్త్రీలలో నాలుగో వంతు మందికి, పురుషుల్లో అంతకు కాస్త ఎక్కువ మందికి రక్తపోటు ఉంది. రక్తపోటుకు నొప్పి ఉండదు. నొప్పి లేని జబ్బుకు కూలి మానుకుని ఆసుపత్రికి ఎవరు వెళ్తారు?

పొగాకు విషయంలో ముప్పు స్పష్టంగా పేదల వైపే మొగ్గుతుంది. చదువు, ఆదాయం తగ్గేకొద్దీ బీడీ, చుట్ట, ఖైనీ వాడకం పెరుగుతుందని దేశంలో జరిగిన సర్వేలు పదేపదే చూపాయి. ఆకలిని, అలసటను కాసేపు మరిపించే వస్తువు అది. కట్టెల పొయ్యి పొగ కూడా రక్తనాళాలను పాడుచేస్తుంది. దాని భారం ఎక్కువగా స్త్రీల మీద పడుతుంది.

రుమాటిక్ గుండె జబ్బు సంగతి వేరే చెప్పాలి. ఇరుకు ఇళ్ళలో ఎక్కువమంది కలిసి ఉండటం, గొంతు నొప్పికి సమయానికి పెన్సిలిన్ అందకపోవడం వల్ల వచ్చే జబ్బు ఇది. ధనిక దేశాల్లో ఇళ్ళూ, వైద్యమూ మెరుగుపడ్డాక దాదాపు కనుమరుగైంది. ఒకసారి వచ్చినవాళ్ళకు మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్ ఏళ్ళ తరబడి ఇస్తే కవాటాలు ఇంకా పాడవకుండా ఆపొచ్చు. ఈ జబ్బు ఉన్న స్త్రీలలో కొందరు ప్రసవ సమయంలో చనిపోతారు. అది ప్రసవ మరణంగానే గుర్తుండిపోతుంది.

ఆదాయంతో ఆగని తేడా

ఇదంతా పేదరికమే అయితే, ఆదాయం పెరిగితే సరిపోవాలి. దళితుల విషయంలో అలా జరగడం లేదని చెప్పే ఆధారం ఉంది. ఉత్తర, తూర్పు, మధ్య భారతంలోని తొమ్మిది రాష్ట్రాల్లో సుమారు రెండు కోట్ల మంది సమాచారంతో 2022లో ఒక పరిశోధన ప్రచురితమైంది. అగ్రకుల హిందువులతో పోలిస్తే ఆదివాసుల ఆయుర్దాయం నాలుగేళ్ళకు పైగా, దళితుల ఆయుర్దాయం మూడేళ్ళకు పైగా తక్కువ. ఆస్తి, ఆదాయ స్థితిని సరిచేసి చూసినా ఆ తేడాలో సగం కూడా చెరగలేదు. ఆంధ్రప్రదేశ్ ఆ తొమ్మిదింటిలో లేదు. అందులో కొలిచింది అన్ని కారణాల మరణాలను, గుండె జబ్బును విడిగా కాదు. అయినా ఒక సంగతి తేలింది. సమానమైన డబ్బు ఉన్నా సమానమైన ఆయుష్షు రావడం లేదు.

దీన్ని అర్థం చేసుకోవడానికి బయటి అనుభవాలు సాయపడతాయి. లండన్‌లో 1967లో మొదలైన ‘వైట్‌హాల్’ అధ్యయనం ప్రభుత్వ ఉద్యోగులను మాత్రమే తీసుకుంది. ఎవరూ ఆకలితో లేరు, అందరికీ ఉచిత వైద్యం ఉంది. అయినా అట్టడుగు హోదాలో ఉన్నవాళ్ళు గుండె జబ్బుతో చనిపోయే రేటు పైహోదా వాళ్ళ కంటే మూడు రెట్లకు పైగా ఉంది. పొగతాగడం, బీపీ, కొలెస్టరాల్ కలిపినా ఆ తేడాలో కొంత భాగాన్నే వివరించగలిగాయి. తన పని మీద తనకు అదుపు లేకపోవడం, ఎప్పుడూ ఇంకొకరి మాట కింద ఉండటం శరీరం మీద పనిచేస్తుందని ఆ తర్వాతి పరిశోధనలు వాదించాయి. అమెరికాలో మిసిసిపి నది డెల్టా కూడా మన డెల్టా లాగే సారవంతమైన నేల. బానిసల చేత పత్తి పండించిన నేల. ఆ దేశంలో గుండె జబ్బు చావుల రేటు అత్యధికంగా ఉన్న ప్రాంతాల్లో అదొకటి. నల్లజాతి వాళ్ళు అక్కడ ఎక్కువగా ఉన్నారు. నేల ఎంత పండినా ఆ పంట ఎవరిదన్న ప్రశ్నకు వచ్చిన జవాబే అక్కడి శ్మశానాల్లో కనిపిస్తుంది.

మన దగ్గర ఆ జవాబు లెక్కల్లో కనిపించకపోవడానికి కారణం సూటిగా ఉంది. మరణ నమోదు ఫారంలో మతం రాయాలి. వృత్తి రాయాలి. చనిపోయిన మనిషి పొగ తాగేవాడా, మద్యం తాగేవాడా అని కూడా రాయాలి. కులం గడి లేదు. పైగా 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. వాటిలో 32.1 శాతం రక్తప్రసరణ వ్యవస్థ జబ్బులవి. ఇంటి దగ్గర చనిపోయిన వ్యవసాయ కూలీ చావుకు డాక్టరు రాసిన కారణం ఉండటం అరుదు. అలవాట్ల గురించి అడిగి కులం గురించి అడగని ఫారం, తప్పు మనిషిదేనని ముందే తేల్చేసినట్టు ఉంటుంది.

పథకాలు ఎంతవరకు వచ్చాయి

తెలుగు రాష్ట్రాల్లో అత్యవసర వైద్యానికి రెండు పెద్ద మలుపులున్నాయి. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు మొదలైంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ. బైపాస్, స్టెంట్, కవాటాల ఆపరేషన్ తెల్లకార్డు కుటుంబానికి అందుబాటులోకి రావడం చిన్న విషయం కాదు. పొలం అమ్మకుండా, పొలం లేనివాళ్ళు ప్రాణం వదులుకోకుండా ఆపరేషన్ చేయించుకోగలిగారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరలకు పరిమితి పెట్టడం కూడా మేలు చేసింది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం ఐసీఎంఆర్‌తో కలిసి మొదలుపెట్టిన ‘స్టెమీ’ కార్యక్రమం ఇంకా కీలకమైనది. చిన్న ఆసుపత్రిలోనే ఈసీజీ తీసి, పెద్దాసుపత్రి నిపుణుడికి పంపి, ఆయన సలహాతో అక్కడే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజక్షన్ ఉచితంగా ఇవ్వడం దీని పద్ధతి. బయట కొంటే ఆ ఇంజక్షన్‌కు పదుల వేలు అవుతుంది.

పామర్రు మండలంలోని మనిషికి దీని అర్థం ఏమిటంటే, గుడివాడ ఏరియా ఆసుపత్రి, మచిలీపట్నం ప్రభుత్వ ఆసుపత్రి ముఖ్యమవుతాయి. విజయవాడ దాకా వెళ్ళే సమయం నొప్పి మొదలైన గంటలోంచే తీసేయాలి. 2022లో జిల్లా విడిపోయి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది. పామర్రు మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలో మిగిలింది. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడ గుండె విభాగం పూర్తిస్థాయిలో ఉండాలన్న డిమాండ్‌కు ఇది సరైన సమయం.

ఈ పథకాలన్నింటిలో ఒక ఒంపు ఉంది. అవి ఎక్కువగా ఆపరేషన్ల చుట్టూ, అత్యవసరం చుట్టూ అల్లుకున్నవి. ఆపరేషన్ తర్వాత కొంతకాలం మందులు ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆపరేషన్ దాకా రాకుండా రోజూ ఒక బీపీ మాత్ర వేసుకోవాల్సిన మనిషి మాత్రం ఆ పథకం లెక్కలోకి రాడు. అతని కోసం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, గ్రామ హెల్త్ క్లినిక్ పనిచేయాలి.

పరీక్షలు చేసినంత మాత్రాన సరిపోదని కూడా గోదావరి డెల్టాయే చెప్పింది. పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, గుండె జబ్బు ముప్పు ఉన్నవాళ్ళను గుర్తించి డాక్టరు దగ్గరికి పంపే ‘స్మార్ట్‌హెల్త్’ ప్రయోగం జరిగింది. గుర్తించడం, పంపడం బాగానే జరిగాయి. రక్తపోటు అదుపులోకి వచ్చినవాళ్ళ నిష్పత్తి మాత్రం ఆ పద్ధతి ఉన్న గ్రామాల్లోనూ లేని గ్రామాల్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేకుండా ఉంది. నీకు జబ్బు ఉందని చెప్పి, మాత్రను ఇంటికి దగ్గరగా ప్రతి నెలా చేర్చకపోతే, చెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు.

సంఘాలు చేయగల పనులు

మా దృష్టిలో ఈ కింది పనులకు పెద్ద నిధులు అక్కర్లేదు. ఓపిక కావాలి.

ఒకటి, చావుల రిజిస్టరు. దళితవాడలో ఏడాదిలో జరిగిన ప్రతి మరణాన్నీ పేరు బయటపెట్టకుండా వయసు, స్త్రీ పురుష భేదం, పని, లక్షణాలు, నొప్పి మొదలైన వేళ, మొదట వెళ్ళిన చోటు, ఆసుపత్రికి చేరిన వేళ, వాడుతున్న మందులు అనే వరుసలో రాయాలి. కుటుంబం అనుమతి తీసుకోవాలి. కారణం తేల్చే పని డాక్టర్లకే వదలాలి. గోదావరి గ్రామాల్లో చేసింది ఇదే పని. ఊరివైపు కూడా అదే వరుసలో రాస్తేనే పోలిక నిలుస్తుంది.

రెండు, మందుల లెక్క. మండలంలోని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, గ్రామ క్లినిక్‌లో బీపీ, షుగరు మాత్రలు, ఆస్పిరిన్, కొలెస్టరాల్ మాత్ర ఎన్ని రోజులు నిల్వ ఉన్నాయి, ఎన్ని రోజులు లేవు అని సమాచార హక్కు చట్టం కింద అడగాలి. ఒకసారికి ఎన్ని రోజుల మందు ఇస్తున్నారో కూడా అడగాలి. వారానికోసారి రమ్మంటే కూలీకి వారానికో పూట కూలి పోయినట్టే. నెల మందు ఒకేసారి ఇవ్వాలన్నది న్యాయమైన డిమాండ్.

మూడు, గంటల లెక్క. ఈసీజీ యంత్రం, దాన్ని తీయగల సిబ్బంది, గడ్డ కరిగించే ఇంజక్షన్ దగ్గరలోని ఏ ఆసుపత్రిలో ఇరవై నాలుగు గంటలూ ఉన్నాయో తెలుసుకుని వాడలో గోడ మీద రాయాలి. ఛాతీలో బరువు, చెమటలు, చేతిలోకి దవడలోకి పాకే నొప్పి వస్తే గ్యాసు అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలన్న మాట ఆర్ఎంపీల దగ్గరికీ చేరాలి. వాళ్ళను పక్కన పెట్టి పల్లెలో ఈ పని జరగదు.

నాలుగు, ఉపప్రణాళిక నిధులు. ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం 2013లో పదేళ్ళ గడువుతో వచ్చింది. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని మరో పదేళ్ళు పొడిగించారు. దళితవాడలకు ప్రత్యేకంగా మేలు చేసే ఖర్చే అందులో చూపాలన్నది చట్టం ఉద్దేశం. వైద్య శాఖ ఆ పద్దు కింద ఏం ఖర్చు పెట్టిందో, అందులో వాడలో కనిపించేది ఎంతో అడగాలి.

ఐదు, కులంవారీ మరణ గణాంకాలు. జనాభా లెక్కల్లో కులం గురించి ఎంత గట్టిగా అడుగుతున్నామో, మరణ నమోదులోనూ, ఆసుపత్రి గణాంకాల్లోనూ షెడ్యూల్డు కులాల వివరం విడిగా ఉండాలని అంతే గట్టిగా అడగాలి. వ్యక్తుల వివరాలు బయటకు రాకుండా మొత్తం అంకెలు ప్రచురించవచ్చు. లెక్కలోకి రాని చావుకు ఎవరూ జవాబు చెప్పరు.

విద్యార్థులకు ఒక మాట. ఈ విషయం మీద ప్రాజెక్టు రాసేటప్పుడు మూడు ప్రశ్నలు విడివిడిగా వేసుకోండి. ముప్పు ఎవరికి ఎక్కువ? జబ్బు ఎవరికి ఎక్కువ? చావు ఎవరికి ఎక్కువ? మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు సంపన్నుల వైపు చూపిస్తుంది. మూడో ప్రశ్నకు వచ్చే జవాబు పల్లె వైపు చూపిస్తుంది. ఆ రెంటి మధ్య ఏం జరిగిందో కనుక్కోవడమే మీ ప్రాజెక్టు. బందరు కాలువ నీళ్ళు పారే నేలలో ఒక బీపీ మాత్ర పల్లె దాకా ఎందుకు పారలేదో అందులో తేలుతుంది.